మసీదు ముందు ఆగిన మేళం

"మీరు సాయిబులు గదా, మంచి గజళ్లేమన్నా ఉంటే చెప్పండి" అని మమ్మల్ని ఇప్పటికి ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఆఫీసుల్లో అడిగారు. సాహిత్య సభల్లో టీ తాగుతూ అడిగారు. రైల్లో ఎదురు సీటాయన అడిగాడు. అడిగినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. బిర్యానీ ఎక్కడ బావుంటుందని అడిగినంత ప్రేమగానే అడుగుతారు. కానీ మాకు గజళ్లు తెలియవు. ఉర్దూ రాదు. మేం కృష్ణా డెల్టా దూదేకులోళ్లం. మా తాతలు దూది ఏకారు, మా నాన్నలు బ్యాండు మేళాల్లో ఊదారు. అమ్మను అమ్మా అన్నాం, నాన్నను నాన్నా అన్నాం. ఉర్దూ మాట్లాడే సాయిబులు మమ్మల్ని సగం ముసల్మానుల కింద లెక్కేస్తారు. అద్దె ఇల్లు అడగబోతే మాత్రం పూర్తి ముసల్మానులం అయిపోతాం.

సరే, గజళ్లు కాకపోతే ఏం వింటారు అని అడిగితే మేం చెప్పే పేరు విని కొంచెం నిరాశ పడతారు. 'డ్రీమ్' అని ఒక ఆల్బం. 1995లో వచ్చింది. పీటర్ గాబ్రియల్ అనే ఇంగ్లీషు పాటగాడి రియల్ వరల్డ్ కంపెనీ తెచ్చింది. వాళ్ల స్టూడియో ఇంగ్లండులో విల్ట్‌షైర్ ప్రాంతంలో బాక్స్ అనే పల్లెలో ఉంది. ఆల్బం మీద రెండు పేర్లున్నాయి. ఒకటి మైకేల్ బ్రూక్, కెనడా గిటారు వాద్యగాడు. రెండోది మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్, మాండలిన్ శ్రీనివాస్. పాటలంటూ మాటలేమీ ఉండవు. మాండలిన్ పరిగెత్తుతూ ఉంటుంది, వెనక గిటారు పొగలాగా పరుచుకుని ఉంటుంది. కర్ణాటక సంగీతం బాగా తెలిసినవాళ్లు దాన్ని పెద్దగా లెక్కచేయరు. జాజ్ తెలిసినవాళ్లు అందులో జాజ్ ఎక్కడుందంటారు. హోటళ్లలో సన్నగా పెట్టే మెత్తటి సంగీతం అన్నవాళ్లూ ఉన్నారు. ఏమైనా అననివ్వండి. మా ఇంట్లో ఆ క్యాసెట్టు ఎందుకు అరిగిందో చెప్పాలంటే మా నాన్న క్లారినెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

మా తాత దూది ఏకే విల్లు మాకు లీలగా గుర్తుంది. మనిషంత పొడుగు కర్ర, దానికి బిగించిన నరం తీగ. కొయ్యతో ఆ తీగను కొడుతుంటే 'టుంయ్ టుంయ్' అని మోగేది, దూది పొగలాగా లేచేది. మా ఇంట్లో మొదటి తీగ వాద్యం అదే అని మా నాన్న నవ్వేవాడు. పరుపులు కుట్టించుకునేవాళ్లు తగ్గారు, ఫోము వచ్చింది, విల్లు మూలపడింది. నాన్న అప్పటికే బ్యాండులో చేరాడు. బెజవాడ వన్‌టౌన్‌లో మకాం, డెల్టా అంతా తిరుగుడు. పెళ్లి ఊరేగింపులు, తిరునాళ్లు, రాములవారి కల్యాణం, వినాయకుడి నిమజ్జనం, చర్చి పండగ, ఉర్సులో గంధం ఊరేగింపు. ఎవరు అడ్వాన్సు ఇస్తే వాళ్ల దేవుడు. ఇది వెటకారం కాదు, మేళగాళ్లకు బతుకు అలాగే ఉంటుంది. నాన్నకు త్యాగరాయ కీర్తనలు ఓ పాతిక వచ్చు. సినిమా పాటలు ఎన్ని వచ్చో ఆయనకే తెలియదు. ఉదయం బెజవాడ రేడియోలో భక్తిరంజని వచ్చేటప్పుడు రీడు తడుపుకుంటూ కూర్చునేవాడు. ఆ రేడియో స్టేషను 1948లో మొదలైంది, తాను ఆ తర్వాత ఏడాది పుట్టానని, రేడియో తనకు అన్న అవుతుందని అంటుండేవాడు.

శ్రీనివాస్ సంగతి మాకు మొదట చెప్పింది ఆయనే. శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ గారు కూడా క్లారినెట్టు వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను పిల్లాడు ఆరేళ్లప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. రుద్రరాజు సుబ్బరాజు గారు గురువు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు, ఆయన పాడితే పిల్లాడు తీగల మీద పట్టుకునేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. పిల్లాడికి తొమ్మిదేళ్లు. మా నాన్న ఆ రోజు గుడివాడలో లేడు, ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. కానీ పందిట్లో ముందు వరసలో కూర్చున్నట్టే చెప్పేవాడు. పిల్లాడి కాళ్లు నేలకు ఆనలేదనీ, వాద్యం వాడి కంటే పెద్దదనీ. కచేరీ చేసేవాళ్లు కింద చాపమీద కూర్చుంటారు గదా నాన్నా, కాళ్లు ఆనకపోవడమేంటి అని మేం అడిగితే కోప్పడేవాడు.

మాండలిన్ ఇక్కడి వాద్యం కాదు. ఇటలీ నుంచి వచ్చింది. మామూలు మాండలిన్‌కు జంట జంటగా ఎనిమిది తీగలుంటాయి. మీటగానే మోగి, మోగగానే ఆరిపోతుంది. మన సంగీతానికి గమకం కావాలి, స్వరం సాగాలి, ఊగాలి. అందుకని శ్రీనివాస్ కరెంటు మాండలిన్ తీసుకుని, జంటలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. మద్రాసు సభల్లో మొదట పెద్దలు మొహం చిట్లించారు. పరాయి వాద్యం, సినిమా వాద్యం అన్నారు. కొద్ది ఏళ్లలోనే ఆ మాట ఆగిపోయింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి వచ్చాడు. 1998లో పద్మశ్రీ ఇచ్చారు. వయొలిన్ కూడా తెల్లవాళ్లతో వచ్చిందే, రెండు వందల ఏళ్లలో అది లేని కచేరీ లేకుండా అయింది. వాద్యాలకు ఈ దేశంలో పౌరసత్వం తొందరగానే దొరుకుతుంది. మేం ఎప్పటి నుంచో ఈ కాలవ నీళ్లే తాగుతున్నాం, ఇంకా ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతారు. అసూయ కాదు. కొంచెం అసూయేనేమో కూడా.

ఇప్పుడు ఆ ఊరేగింపు సంగతి. ఊరి పేరు రాయం. కాలవ గట్టున ఉన్న ఊరు, లాకులున్న ఊరు, అంతవరకు చాలు. ఇరవయ్యేళ్లుగా ఆ ఊరి వినాయకుడి నిమజ్జనానికి మా నాన్న మేళమే వెళ్లేది. పన్నెండు మంది. ఏడుగురు మావాళ్లు, తక్కినవాళ్లు మంగలి ఇళ్ల నుంచి, మాదిగ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఊరేగింపు దారిలో ఒక మసీదుంది. దానికి ఇవతల వేపచెట్టు, అవతల మంచినీళ్ల కుళాయి. వేపచెట్టు దగ్గర మేళం ఆగుతుంది. వాద్యాలు చంకలో పెట్టుకుని నలభై అడుగులు చప్పుడు లేకుండా నడుస్తారు. కుళాయి దాటాక మళ్లీ మొదలు. ఇది ఎవరూ కాగితం మీద రాసుకున్న ఒప్పందం కాదు. మసీదు గుమ్మంలో ఒక పెద్దాయన మేళగాళ్లకి మజ్జిగ ఇప్పించేవాడు. విగ్రహం మోసేవాళ్లూ తాగేవాళ్లు. దీన్ని ఎవరూ మత సామరస్యం అనేవాళ్లు కాదు. ఎండగా ఉంది, మజ్జిగ తాగారు.

1993లో వేపచెట్టు దగ్గర మేళం ఎప్పట్లాగే ఆగింది. అంతకుముందు ఏడాది డిసెంబరు ఆరు అయోధ్యలో జరిగింది ఆ ఊరికీ చేరింది. నొసట గుడ్డలు కట్టుకున్న కొత్త కుర్రాళ్లు ముందుకొచ్చారు.

"ఆపొద్దు సాయిబు గారూ. ఇక్కడే నిలబడి గట్టిగా వాయించాలి."

"ఎప్పుడూ ఆపేది ఇక్కడే గదా బాబూ."

"ఎప్పుడూ సంగతి వేరు. డబ్బులిచ్చేది మేం."

పాత కమిటీ పెద్దలు అక్కడే ఉన్నారు. వాళ్లు నేల చూపులు చూశారు. మసీదు మెట్ల మీద మజ్జిగ కుండ ఉంది, దాని పక్కన పెద్దాయన ఉన్నాడు, ఆయన వెనక ఆ పేట కుర్రాళ్లు పదిమంది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నాన్న రెండు వైపులా చూశాడట. క్లారినెట్టు మూతిపట్టీ వదులు చేసి, రీడు బయటికి తీసి, బొటనవేలి గోరుతో చివర విరిచేశాడు.

"రీడు ఇరిగిందండీ" అన్నాడు.

జేబులో ఇంకో రెండు రీడ్లున్నాయి. అందరికీ తెలుసు. ట్రంపెట్టాయన పెదవి పగిలిందన్నాడు. బేస్ డ్రమ్ము మామ, ఆయన మాదిగాయన, ఏమీ చెప్పలేదు. కర్రలు రెండూ డ్రమ్ము తాళ్లలో దోపి కుళాయి దగ్గరికి వెళ్లి నీళ్లు తాగుతూ నిలబడ్డాడు. ఎంతసేపు తాగుతాడు ఒక మనిషి? ఆయన తాగాడు. కుర్రాళ్లే కాసేపు డ్రమ్ము లాక్కుని బాదారు. శబ్దం వచ్చింది గానీ తాళం రాలేదు. తర్వాత విగ్రహం ముందుకు కదిలింది. గొడవ కాలేదు. పేపర్లో రాలేదు. రాత్రి బాకీ డబ్బులు ఇవ్వలేదు. అడ్వాన్సు పన్నెండు మందికీ పంచితే బస్సు చార్జీలు పోను ఎంత మిగిలిందో నాన్న మాకు చెప్పలేదు. మరుసటేడు వేరే మేళాన్ని పిలిచారు.

అక్కడితో అయిపోతే ఇది ఒక రకం కథ. శుక్రవారం మా మసీదులో నమాజయ్యాక ఒకాయన నాన్నను పక్కకు పిలిచాడు. మావాడే, మంచివాడే, నమాజు రాని మాకు నమాజు నేర్పినవాడే. "కలిమా చదివిన నోటితో విగ్రహం ముందు ఊదుతావా? నలభై అడుగులు ఆపినందుకు నీకు సవాబు వస్తుందనుకుంటున్నావా? మొత్తం ఊదడమే హరాం" అన్నాడు. నాన్న ఆయనకు జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చి క్లారినెట్టు మూడు ముక్కలు విడదీసి, పెట్టెలో పెట్టి, బీరువా మీదికి ఎక్కించాడు. ఒకరు ఆపొద్దన్నారు, ఇంకొకరు అసలు మొదలుపెట్టొద్దన్నారు. మధ్యలో నలభై అడుగుల చోటు ఉండేది, అది పోయింది. తర్వాత గవర్నరుపేటలో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాశాడు.

ఈ సంగతి ఒక సెక్యులర్ మిత్రుడికి చెబితే కళ్లు చెమర్చాయి. "ఎంత గొప్ప ఉదాహరణ! ఇది రాయాలి" అన్నాడు. దేనికి ఉదాహరణ? నాన్నకు నలభై నాలుగేళ్లు. ఆయనకు వచ్చిన పని ఒక్కటే.

1996 ఎండాకాలంలో దుబాయ్ నుంచి మా మేనమామ కొడుకు వచ్చాడు. సెంటు సీసాలు, టైగర్ బామ్, రెండు క్యాసెట్లు తెచ్చాడు. రెండింటి మీదా ఒకే కంపెనీ గుర్తు ఉంది. ఒకటి నుస్రత్ ఫతే అలీ ఖాన్ 'మస్త్ మస్త్', 1990లో వచ్చింది. రెండోది 'డ్రీమ్'. మొదటిది మన సాయిబుది గదా అని కొన్నాడు. రెండోది మన పాలకొల్లు గదా అని కొన్నాడు. రెండింటికీ 'మన' అన్నాడు, ఆలోచించి అన్నది కాదు. అట్టలు తిప్పి చూస్తే రెండింటి మీదా మైకేల్ బ్రూక్ పేరుంది. ఖవ్వాలీని లాహోరు, ఫైసలాబాదుల నుంచి తెచ్చి తన గిటారు పక్కన కూర్చోబెట్టింది ఆయనే. పాలకొల్లు మాండలిన్‌ను కూర్చోబెట్టిందీ ఆయనే.

ముందు నుస్రత్‌ను పెట్టాం. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా గొంతు లేస్తుంటే ఒళ్లు జలదరించింది. కిటికీలు తీసి ఉన్నాయి. పక్క వాటాలో ఆయన గుమ్మం దాకా వచ్చి నవ్వుతూనే, "ఏంటండీ, పాకిస్తాన్ పాటలు పెట్టారు" అన్నాడు. అప్పటికి బెంగుళూరులో ఇండియా పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్ ఆడి మూడు నెలలు కూడా కాలేదు. ఆ రాత్రి మా గోడకు చెవులు పెట్టినవాళ్లున్నారు. వకార్ బౌలింగులో జడేజా కొడుతుంటే మేం సంతోషంగానే అరిచాం. కానీ మామూలుగా అరిచేదాని కంటే కొంచెం ఎక్కువ అరిచాం, పక్కింటికి వినపడాలని. ఆ ఎక్కువ అరుపు గురించి మేం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మ వెళ్లి టేపురికార్డరు సౌండు తగ్గించింది. మేం క్యాసెట్టు మార్చాం. మాండలిన్ మొదలవగానే ఆయన మొహం విప్పారింది. "ఆఁ, మన పాలకొల్లు అబ్బాయి గదా, ఇది పెట్టండి" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండింటి వెనకా ఉన్న గిటారు ఒకటేనని ఆయనకు చెప్పలేదు. ఆ మరుసటేడు ఆగస్టులో రహమాన్ 'వందేమాతరం' ఆల్బం వచ్చింది. అందులో నుస్రత్ పాడాడు. అదే నెల 16న లండన్‌లో చనిపోయాడు. పక్కింటాయన ఆ క్యాసెట్టు కొన్నాడు. అందులో ఉన్న గొంతు ఆ రోజు మా కిటికీలోంచి విన్నదేనని మేమే చెప్పాం. "అవునా" అన్నాడు. అంతే.

నాన్న మొదటిరోజు వినలేదు. కొట్టు నుంచి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు. రెండో రోజు రాత్రి కరెంటు పోయి వచ్చాక, ఉక్కకి నిద్రపట్టక, తనే లేచి పెట్టాడు. మేం మంచాల మీద నుంచి చూస్తున్నాం. మాండలిన్ గురించి ఒక్క మాట అనలేదు. వెనకాల గిటారునే వింటున్నాడు.

"ఇది ఎవర్రా, ఊపిరి తీసుకోవట్లేదు?" అన్నాడు.

గిటారు నాన్నా అన్నాం. నమ్మలేదు. గిటారు తీగ మీటితే రెండు క్షణాల్లో ఆరిపోవాలి గదా అన్నాడు. ఆయన సందేహం సరైనదేనని మాకు చాలా ఏళ్లకు తెలిసింది. మైకేల్ బ్రూక్ 'ఇన్ఫినిట్ గిటార్' అని ఒకటి తయారు చేసుకున్నాడు. తీగ కదలికను కరెంటు రూపంలో పట్టి మళ్లీ ఆ తీగకే తిప్పి పంపించే ఏర్పాటు. దాంతో స్వరం ఆరిపోకుండా ఎంతసేపంటే అంతసేపు నిలబడుతుంది. అలాంటి గిటారు ఒకటి యూటూ బృందంలోని ఎడ్జ్‌కు కూడా చేసిచ్చాడు. 1987లో వాళ్ల పాటలో అది మోగి లోకమంతా విన్నది. మా నాన్నకు ఇవేమీ తెలియవు. కానీ ఊరేగింపు మేళంలో క్లారినెట్టు ఊదేవాడికి ఊపిరే అసలు చదువు. బుగ్గల్లో గాలి నిలవ చేసుకుని, అది బయటికి నెడుతూనే ముక్కుతో లోపలికి పీల్చాలి. అలా స్వరం తెగకుండా సాగదీయడం నేర్చుకోవడానికి ఆయనకు మూడేళ్లు పట్టిందట. నీళ్ల గ్లాసులో గోధుమ పుల్ల పెట్టి బుడగలు ఆగకుండా ఊదడం సాధన. సన్నాయి పక్కన ఒత్తు ఊదేవాళ్లుంటారు, కచేరీ అంతసేపూ ఒకే శ్రుతి. వాళ్ల పేరు ఎవరూ అడగరు. "ఇతను ఒత్తు ఊదుతున్నాడురా. అంత పేరున్న తెల్లోడు మన పిల్లాడికి ఒత్తు ఊదుతున్నాడు" అని నాన్న నవ్వాడు. రెండున్నరేళ్ల తర్వాత మేం ఆయన నోటి నుంచి సంగీతం గురించి విన్న మాట అది. రాగం పేరు కూడా ఏదో చెప్పాడు, మాకు గుర్తులేదు.

ఇంకో వారానికి బీరువా మీద నుంచి పెట్టె దించాడు. ముక్కలు బిగించి, పాత రీడు నాలుక మీద తడిపి, క్యాసెట్టుతో కలిపి ఊదబోయాడు. శ్రుతి కలవలేదు. టేపు పాడుతున్న శ్రుతికి ఆయన క్లారినెట్టు దొరకలేదు, పైన ఒకసారి, కింద ఒకసారి వెతికి, "నాది దీనికి అందదు" అని తుడిచి లోపల పెట్టేశాడు. బాధపడుతూ ఏమీ అనలేదు. అజాన్ వినిపించింది. క్యాసెట్టు ఆపాడు. అజాన్ అయిపోయాక మళ్లీ పెట్టాడు. వేపచెట్టు, కుళాయి.

సభల్లో మా మిత్రులు మాట్లాడేటప్పుడు షేక్ చినమౌలానా గారి పేరు తప్పకుండా వస్తుంది. కరవదిలో 1924లో పుట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, ఆ పైన తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడిన మహానుభావుడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. 1999 ఏప్రిల్‌లో పోయారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ సన్నాయి వింటే మాకూ గుండె నిండుతుంది. ఇందులో తేడా లేదు. కానీ ఆ పేరు మా ముందు చెప్పే తీరులో ఒక చిన్న కొలబద్ద ఉంటుంది. రంగనాథుడి ముందు ఊదిన సాయిబు ఒకాయన ఉన్నాడు చూడండి, మీరు కూడా అలా ఉండొచ్చు గదా అన్నట్టు. కోవెల ముందు ఊదిన సాయిబును అందరూ తలుచుకుంటారు. మసీదు ముందు ఊదనన్న సాయిబును ఎవరూ తలుచుకోరు. సన్నాయి సాయిబు వేదిక మీద ఉన్నంతసేపూ దేశం గొప్పది. ఆయన మనవళ్లకు ఫలానా వీధిలో ఇల్లు ఇస్తారా అని అడిగితే సభ చల్లబడుతుంది. శ్రీనివాస్‌కు గురువుకు గురువైన చెంబై గారినే తీసుకోండి. ఆయన శిష్యుల్లో ఏసుదాస్ ఉన్నాడు, క్రైస్తవుడు. గురువాయూరు కృష్ణుడి మీద ఆయన పాడిన పాటలు గుళ్లో మైకుల్లో వినిపిస్తాయి, ఆయన మాత్రం ఎన్నేళ్లుగానో లోపలికి వెళ్లలేకపోయాడు. గొంతుకు గుడి తలుపు తీస్తారు, మనిషికి తియ్యరు. మా మసీదులు మాత్రం తక్కువ తిన్నాయా? ఖవ్వాలీ దర్గాలో ఉంటే అనుమానం, క్లారినెట్టు పెళ్లిలో ఉంటే హరాం, సెల్లులో అరబ్బీ పాట రింగుటోను అయితే పర్వాలేదు.

తర్వాత శ్రీనివాస్ ఇంకో గిటారు పక్కన కూర్చున్నాడు. జాన్ మెక్‌లాఫ్లిన్. జాకిర్ హుసేన్‌తో కలిసి శక్తి అనే బృందం పెట్టి, మెట్ల మధ్య కొయ్యను లోతుగా చెక్కించిన మామూలు గిటారు మీద గమకాలు పలికించినవాడు. 'రిమెంబర్ శక్తి' అని 1990ల చివర్లో మళ్లీ మొదలైనప్పుడు మాండలిన్ స్థానం శ్రీనివాస్‌కు దొరికింది. 2001లో వచ్చిన వాళ్ల బొంబాయి కచేరీ ఆల్బం మేం నాన్నకు కొనిచ్చాం. అల్లారఖా కొడుకు తబలా, పాలకొల్లు క్లారినెట్టాయన కొడుకు మాండలిన్ ఎదురెదురుగా ఒకరినొకరు తరుముకుంటుంటే నాన్న తొడమీద తాళం వేసేవాడు. అయినా మళ్లీ 'డ్రీమ్' దగ్గరికే వచ్చేవాడు. ఇందులో పోటీ ఎక్కువ, అందులో ఒత్తు ఉంది అనేవాడు.

నాన్న 2009లో పోయాడు. బేస్ డ్రమ్ము మామ చావుకి వచ్చాడు. శ్మశానం గేటు బయట నిలబడ్డాడు. లోపలికి రండి మామా అంటే, "వద్దులే నాయనా, ఇక్కడ్నించి చూస్తా" అన్నాడు. ఎవరూ ఆపలేదు, ఆయనే రాలేదు. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయాడు, నలభై అయిదేళ్లు. జాకిర్ హుసేన్ 2024 డిసెంబరులో పోయాడు.

మేం అని రాస్తున్నాం గానీ ఈ మేంలో అందరికీ ఒకరంటే ఒకరికి పడదు. మాలో ఒకడు జమాత్‌లో తిరిగి వచ్చాడు, ఇంట్లో టీవీ కూడా వద్దంటాడు. వాడిది మొండితనమని కొట్టిపారెయ్యలేం. మసీదుకు వెళ్లిన తర్వాతే మమ్మల్ని ఎవరైనా పేరు పెట్టి, భాయ్ అని పిలిచారు గదా అంటాడు. అది నిజం. దూదేకులోడని నవ్వకుండా వరసలో పక్కన నిలబెట్టుకున్నది అక్కడే. ఇంకొకత్తి సంగీత కళాశాలలో సాయంత్రం క్లాసులకు వెళ్లి వయొలిన్ నేర్చుకుంటోంది, యాభై దగ్గర పడ్డాక. ఇద్దరూ ఒకే అమ్మ దగ్గర అన్నం తింటారు.

పోయిన రంజాన్‌కు బీరువా జరిపి సున్నం వేయిస్తుంటే పెట్టె బయటపడింది. మనవడు తెరిచి, ఇది తుపాకీయా అని అడిగాడు. కొయ్య ఎండి ఒకచోట సన్నగా చీలింది. రంధ్రాల మీద మూతల కింద ఉండే మెత్తలు పొడి అయిపోయాయి. రీడ్ల డబ్బాలో మూడు రీడ్లున్నాయి, ఒకటి చివర విరిగింది. నాన్న దాన్ని పారెయ్యలేదని మాకప్పుడే తెలిసింది. వయొలిన్ నేర్చుకుంటున్న ఆవిడ పెట్టె తీసుకెళ్లి వాద్యాలు బాగుచేసే ఒకాయనకు ఇచ్చింది. మెత్తలు బయటి నుంచి తెప్పించాలి, చీలిక అతకొచ్చు, మునుపటి గాలి ఉంటుందని చెప్పలేను అన్నాడట. బాగయ్యాక ఇంటికి తేవద్దని జమాత్ తమ్ముడు, తెస్తానని ఆవిడ. అమ్మ ఎటూ చెప్పలేదు. ఆయన ఫోను చేసి రెండు నెలలైంది, అయిపోయింది వచ్చి తీసుకెళ్లమని. విరిగిన రీడు పెట్టెలో పెట్టకుండా అమ్మ తీసి దాచుకుంది. క్లారినెట్టు ఇంకా ఆయన కొట్లోనే ఉంది.